తోటి సైనికుడికి కిడ్నీ ఇవ్వాలనుకుంటున్నాను, డాక్టరుకు అన్నీ చెప్పాలా?

ప్రశ్న: నా వయసు 54. పదాతిదళంలో 24 ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. నాతో పన్నెండేళ్లు ఒకే కంపెనీలో ఉన్న మిత్రుడు రెండు కిడ్నీలూ పాడై పది నెలలుగా డయాలసిస్ చేయించుకుంటున్నాడు. ఒకప్పుడు మా వాహనం బోల్తా పడితే కింద ఇరుక్కున్న నన్ను బయటికి లాగినవాడు అతనే. అతని ఇంట్లో ఇవ్వగలిగినవాళ్లు ఎవరూ లేరని తేలింది. మా ఇద్దరిదీ ఒకే బ్లడ్ గ్రూపు. నేనిస్తానంటే అతను వద్దన్నాడు, అయినా నేను నిర్ణయించుకున్నాను. నాకు బీపీ, షుగర్ లేవు. మోకాళ్ల నొప్పులకు దాదాపు రోజూ నొప్పి మాత్ర వేసుకుంటాను. రాత్రిళ్లు పీడకలలు వచ్చి లేచి కూర్చుంటాను. ఈ సంగతి ఇంతవరకు ఏ డాక్టరుకూ చెప్పలేదు. చెబితే పనికిరానని పంపేస్తారేమోనని ఇప్పుడూ చెప్పదలచుకోలేదు. నా భార్య "ఇరవై నాలుగేళ్లు మిమ్మల్ని వాళ్లకే ఇచ్చాను, మిగిలిన మనిషినైనా నాకు ఉంచండి" అన్నది. అప్పటి నుంచీ నాతో సరిగా మాట్లాడటం లేదు. నేను దానానికి అర్హుడినేనా? ఆమెను ఒప్పించడం ఎలా? — ఒక మాజీ సైనికుడు

సమాధానం: పీడకలల సంగతి దాచకండి. మీ అర్హత గురించీ, మీ శ్రీమతి గురించీ చెప్పవలసింది చాలా ఉంది గాని, ఈ ఒక్క మాట మొదట చెప్పకపోతే మిగతా సలహా అంతా వృథా అవుతుంది కనుక దీనితోనే మొదలుపెడుతున్నాను.

సైన్యంలో ఉన్నన్నాళ్లూ నొప్పిని పళ్ల బిగువున భరించడం, తాను పడుకుంటే ఆ బరువు తోటివాళ్ల మీద పడుతుందని ఒంట్లో బాగాలేకపోయినా నోరు మెదపకపోవడం మీకు అలవాటై ఉంటుంది. అక్కడ ఆ అలవాటు మిమ్మల్ని పదిమంది మెచ్చే సైనికుణ్ణి చేసి ఉండవచ్చు. దాతను పరీక్షించే గదిలో మాత్రం అదే అలవాటు చేటు తెస్తుంది, ఎందుకంటే స్కాన్లలోనూ రక్త పరీక్షల్లోనూ వైద్యులకు కనిపించేది సగమే, మిగతా సగం మీ నోటి నుంచి రావలసిందే. పైగా ఆ గదిలో మీరు మిత్రుణ్ణి కాపాడడానికి వచ్చిన సహాయకులు కారు. మీరూ ఒక రోగే. అతనికి ఒక వైద్య బృందం ఉన్నట్టే మీకూ ఒకరు ఉండాలి. అతని ఆరోగ్యంతో సంబంధం లేకుండా మీ మేలు మాత్రమే చూసే మనిషిని దాతకు కేటాయించడం మంచి ఆసుపత్రుల పద్ధతి. అటువంటి వ్యక్తి ఎవరో మొదటి రోజే అడిగి తెలుసుకోండి.

పీడకలల విషయం చెప్పమనడానికి నాకు ఒక నిర్దిష్టమైన కారణం ఉంది. యుద్ధ విధుల్లో పనిచేసి వచ్చి, ఆ తరువాత ఆందోళనతోనో నిద్రలేమితోనో బాధపడేవాళ్లలో కొందరు, శస్త్రచికిత్స అయ్యాక మత్తు నుంచి తేరుకునే నిమిషాల్లో తామెక్కడ ఉన్నారో తెలియక భయంతో పెనుగులాడతారు. చేతికున్న సూదులు లాగేసుకుంటారు, పట్టుకోవడానికి వచ్చిన నర్సును నెట్టేస్తారు. మాజీ సైనికులకు మత్తు ఇచ్చే వైద్యులు దీన్ని బాగా ఎరుగుదురు. ముందే తెలిస్తే వాళ్లు మందుల ఎంపిక మార్చుకుంటారు, తేరుకునే గదిలో హడావుడి లేకుండా చూస్తారు, మిమ్మల్ని తట్టి లేపకుండా కాస్త దూరం నుంచి పేరు పెట్టి పిలుస్తారు. తెలియకపోతే పొట్ట మీద అప్పుడే వేసిన కుట్లతో ఒక మనిషి మంచం మీద కొట్టుకుంటుంటే నలుగురు పట్టుకోవలసి వస్తుంది. మీరు దాచదలచుకున్నది ఇంత పని చేయగలదు.

చెబితే పంపేస్తారా అంటే, పీడకలలు ఉన్నాయన్న ఒక్క కారణంతో తలుపు మూసేయరు. మానసిక నిపుణులు చూసేది వేరు: ఆ బాధ ఇప్పుడు ఎంత తీవ్రంగా ఉంది, దానికి చికిత్స జరుగుతోందా, దాన్ని మరిచిపోవడానికి మద్యం అవసరమవుతోందా, బతుకు మీద విరక్తి ఎప్పుడైనా కలిగిందా, శస్త్రచికిత్స తరువాత మనసు కుంగితే పక్కన ఎవరుంటారు. బాధ ఉండి చికిత్స పొందుతున్న మనిషికి వాళ్లు అనుమతి ఇవ్వగలరు. లేదా ఆరు నెలలు చికిత్స తీసుకుని రమ్మని చెప్పగలరు. ఇది తిరస్కారం కాదు, మీకు ఏనాడో దక్కవలసిన చికిత్సకు దారి. కిడ్నీ సంగతి ఎలా తేలినా, ఇన్నేళ్లుగా అర్ధరాత్రి ఒంటరిగా లేచి కూర్చునే మనిషి ఒక మానసిక వైద్యుణ్ణి కలవాలనే నేను అంటాను.

ఇక మీరు ప్రస్తావించనిది ఒకటి ఉంది. ఎక్కడెక్కడ పనిచేశారో, అడవుల్లో ఎంతకాలం ఉన్నారో, ఏ నీళ్లు తాగారో, ఏ జ్వరాలు వచ్చాయో జ్ఞాపకం ఉన్నంతవరకు రాసుకుని వెళ్లండి. దాత శరీరంలో నిద్రాణంగా ఉన్న ఇన్ఫెక్షన్ కిడ్నీతో పాటు గ్రహీతకు చేరవచ్చు, గ్రహీత చూస్తే రోగనిరోధక శక్తిని అణిచే మందుల మీద ఉంటాడు. క్షయ, హెపటైటిస్ వంటివాటికి ఎలాగూ పరీక్షలు చేస్తారు. అయితే స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నని పేగు పురుగు గురించి మీరు ఎక్కడ తిరిగారో చెబితే తప్ప ఎవరికీ తట్టకపోవచ్చు. ఇది తడి నేల మీద వట్టి కాళ్లతో నడిచేవాళ్ల చర్మం గుండా లోపలికి వెళ్లి, ఏ లక్షణమూ చూపకుండా దశాబ్దాల తరబడి ఉండిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో థాయిలాండ్–బర్మా రైలు మార్గం పనుల్లో బందీలుగా ఉన్న సైనికుల్లో కొందరికి ముప్పై నలభై ఏళ్ల తరువాత కూడా ఈ పురుగు బయటపడింది. మామూలు మనిషిలో మహా అయితే దురద పెట్టే ఈ పురుగు, రోగనిరోధక శక్తి తగ్గిన మనిషిలో ప్రాణాంతకం కాగలదు. ముందే కనిపెడితే కొద్ది మోతాదు మందుతో పోతుంది. పొట్టలోనో నడుములోనో పాత గాయాలు, లోహపు ముక్కలు ఉంటే అవి కూడా చెప్పాలని వేరే చెప్పనక్కరలేదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది, మీరు ఒక్క వాక్యంలో దాటేసిన నొప్పి మాత్ర. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ జాతి మందులు కిడ్నీకి వెళ్లే రక్త ప్రసరణను తగ్గిస్తాయి. అప్పుడొకటి అప్పుడొకటి వేసుకున్న ఆరోగ్యవంతుడికి దానివల్ల నష్టం కనిపించదు గాని, ఏళ్ల తరబడి రోజూ వేసుకునేవాళ్లకు కిడ్నీ దెబ్బతినవచ్చు, బీపీ పెరగవచ్చు. రెండు కిడ్నీలు ఉన్నవాడికే ఇది మంచిది కానప్పుడు ఒక్కటే మిగిలినవాడికి ఏమని చెప్పాలి? దానం చేసినవాళ్లను ఈ జాతి మాత్రలకు దూరంగా ఉండమనే వైద్యులు చెబుతారు. అందువల్ల మీరు శస్త్రచికిత్స తేదీ కంటే ముందు ఒక ప్రయోగం చేయాలి. మీ వైద్యుడికి చెప్పి, ఆ మాత్ర మానేసి, పారసిటమాల్‌తోనూ, తొడ కండరాలను బలపరిచే వ్యాయామంతోనూ, అవసరమైతే బరువు తగ్గించుకునీ నాలుగైదు నెలలు గడపండి. మోకాళ్లు సహకరిస్తే మంచిదే. సహకరించకపోతే, ఆ మాత్ర లేనిదే మెట్లు దిగలేని పరిస్థితి మీదైతే, ఈ దానం మీకు తగదేమోనని నా అభిప్రాయం. ఇప్పుడు 54 ఏళ్లకు ఉన్న నొప్పి 70 ఏళ్లకు తగ్గదు కదా.

ఈ లోపల జరిగే పరీక్షలు మీ కిడ్నీల అసలు స్థితిని బయటపెడతాయి. ఇరవై నాలుగు గంటల మూత్రాన్ని ఒక పెద్ద డబ్బాలో పట్టి తీసుకురమ్మంటారు. అందులో ప్రోటీన్ పోతోందా అని చూస్తారు. కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగాన్ని కొలుస్తారు. ఆ అంకె నిమిషానికి 90 మిల్లీలీటర్లు, ఆ పైన ఉంటే సాధారణంగా సరిపోతుందనీ, 60 కంటే తక్కువైతే దానం కూడదనీ, మధ్యలో ఉంటే వయసునూ ఇతర అంశాలనూ బట్టి తేల్చాలనీ 2017లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. బీపీ లేదని మీరన్నారు. కుర్చీలో కూర్చోబెట్టి ఒకసారి చూసిన బీపీ కాకుండా, రోజంతా చేతికి పట్టీ కట్టి కొలిచే బీపీ చూపించుకోండి, ముఖ్యంగా రాత్రి నిద్ర సరిగా లేని మీవంటివారు. బ్లడ్ గ్రూపు కలిసినంత మాత్రాన పని అయిపోదు, మీ కణాలకు అతని రక్తంలో ప్రతికూల యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష కూడా కుదరాలి. అది కుదరకపోతే, మీలాంటి చిక్కులోనే ఉన్న మరో దాత–గ్రహీత జంటతో కిడ్నీలు మార్చుకునే ఏర్పాటు చాలా దేశాల్లో ఉంది.

ఒక్క కిడ్నీతో బతకడం గురించి మీవంటి సైనికుల నుంచే ఒక సమాచారం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి ఒక కిడ్నీ పోగొట్టుకున్న 62 మంది అమెరికన్ సైనికుల ఆరోగ్య చరిత్రను 45 ఏళ్ల తరువాత పరిశీలించి 1993లో ప్రచురించారు. అదే వయసున్న ఇతర మాజీ సైనికులతో పోల్చినప్పుడు వాళ్లలో మరణాలు ఎక్కువగా లేవు. సంఖ్య చిన్నది, పైగా వాళ్లు కిడ్నీ పోయేనాటికి పడుచువాళ్లు, కనుక దీన్నే పట్టుకుని ధీమా పడమనను. ఆ తరువాత వచ్చిన పెద్ద లెక్కలు కాస్త జాగ్రత్తగా మాట్లాడతాయి. అమెరికాలో దాతల మీద జరిగి 2014లో ప్రచురితమైన పరిశోధన ప్రకారం, జీవితకాలంలో తమ కిడ్నీ కూడా పూర్తిగా విఫలమయ్యే ప్రమాదం దాతల్లో పదివేలకు 90 మందికి ఉంటే, దాతలంత ఆరోగ్యంగా ఉండి దానం చేయనివాళ్లలో అది 14 మందికి మాత్రమే. ఏ పరీక్షా లేని సాధారణ జనంలో ఆ సంఖ్య 326. మూడు అంకెలనూ కలిపి చూడండి: దానం వల్ల ప్రమాదం పెరుగుతుంది, పెరిగినా తక్కువే. మూడింటిలో తమకు నచ్చిన ఒక్కటే చెప్పి ఎవరైనా మిమ్మల్ని ప్రోత్సహించినా, బెదిరించినా నమ్మవద్దు.

శస్త్రచికిత్స వల్ల ప్రాణం పోయే ప్రమాదం కూడా లేకపోలేదు. 1994 నుంచి 2009 వరకు అమెరికాలో ఎనభై వేల మందికి పైగా దాతల లెక్క తీస్తే, మొదటి 90 రోజుల్లో మరణించినవాళ్లు పదివేలకు సుమారు ముగ్గురు. 2013 తరువాతి పదేళ్లలో అది పదివేలకు ఒకరి లోపుకు దిగింది. ఇప్పుడు ఎక్కువగా చేసేది 1995లో మొదలైన లాపరోస్కోపీ పద్ధతి. పొట్ట మీద మూడు నాలుగు చిన్న గాట్లు, కిడ్నీని బయటికి తీయడానికి కింది పొత్తికడుపులో సుమారు మూడంగుళాల గాటు ఉంటాయి. రక్తనాళం పొడవుగా ఉంటుంది కనుక సాధారణంగా ఎడమ కిడ్నీనే తీస్తారు. కోసింది పొట్ట దగ్గరైతే రెండు రోజులు భుజం సలపడం చూసి దాతలు కంగారు పడతారు. పొట్టను ఉబ్బించడానికి ఎక్కించిన వాయువు ఉదర వితానాన్ని, అంటే ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొరను, ఒరుసుకోవడం వల్ల వచ్చే నొప్పి అది, దానంతట అదే పోతుంది. రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపుతారు, ఆరు వారాల వరకు బరువులెత్తనివ్వరు. మీరు పదో రోజునే పరుగు మొదలుపెట్టే రకమని ఉత్తరాన్ని బట్టి నాకనిపిస్తోంది, దయచేసి ఆ పని చేయకండి. మిగిలిన కిడ్నీ క్రమంగా పెరిగి, మునుపు రెండూ కలిసి చేసిన పనిలో 60 నుంచి 70 శాతం వరకు చేస్తుంది. అందుకే మీ రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి పంపవలసిన ఒక వ్యర్థం) ఇకపై ఎప్పుడూ కాస్త ఎక్కువగానే కనిపిస్తుంది. మీరు దాత అని తెలియని వైద్యుడు దాన్ని జబ్బుగా భ్రమపడవచ్చు, ప్రతిచోటా ముందే చెప్పుకోవాలి. ఏడాదికొకసారి బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చూపించుకోవడం జీవితాంతం తప్పదు.

ఇక వాహనం కింద నుంచి లాగిన రుణం. ఈ మాట ఉత్తరంలో ఎంత మామూలుగా రాసినా, మీ నిర్ణయమంతా దాని మీదే నిలబడి ఉందని నాకు తోస్తోంది. కృతజ్ఞత తప్పు కాదు, చాలామంది దాతలకు మూలకారణం అదే. అయితే అతను ఆనాడు మిమ్మల్ని లాగినప్పుడు ఆలోచించుకోవడానికి వ్యవధి లేదు; మీకు ఆ వ్యవధి ఉంది, దాన్ని వాడుకోవలసిన బాధ్యతా ఉంది. సజీవ దాత ఇచ్చిన కిడ్నీ తరచుగా 15 నుంచి 20 ఏళ్లు పనిచేస్తుంది, కొన్ని మాత్రం మొదటి ఏడాది కూడా నిలవవు. మీ కిడ్నీ అతనిలో ఆరు నెలలకే ఆగిపోతే మీకు ఎలా ఉంటుంది? అతను మందులు సరిగా వేసుకోకపోతే కోపం వస్తుందా? "ఇచ్చాను, ఇక అది అతనిది" అని నిజంగా అనుకోగలిగితేనే ముందుకు వెళ్లండి. మత్తు ఇచ్చే క్షణం వరకు మనసు మార్చుకునే హక్కు మీకుంది. మార్చుకుంటే, మీరు దాతగా సరిపోరని మాత్రమే చెప్పి అసలు కారణం గ్రహీతకు తెలియనివ్వకుండా ఆసుపత్రివాళ్లు కాపాడతారు. వెనక్కి తగ్గడాన్ని సైన్యంలో ఏమంటారో నాకు తెలుసు, ఇక్కడ దానికి ఆ పేరు లేదు.

అతను వద్దనడాన్ని కూడా తేలిగ్గా తీసుకోకండి. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసిన మొట్టమొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడిలో దాత రోనాల్డ్ హెరిక్, గ్రహీత అతని కవల సోదరుడు రిచర్డ్. రిచర్డ్ తీరరక్షక దళంలో పనిచేసినవాడు. ముర్రే కూడా యుద్ధకాలంలో సైనిక ఆసుపత్రిలో కాలిన గాయాల సైనికులకు చర్మం అతికిస్తూ, ఒకరి చర్మాన్ని మరొకరి శరీరం ఎందుకు తోసివేస్తుందన్న ప్రశ్నతో ఈ రంగంలోకి వచ్చారు. శస్త్రచికిత్సకు ముందు రాత్రి రిచర్డ్ తన గది నుంచి ఒక చీటీ పంపాడు, నువ్వు ఇంటికి వెళ్లిపో అని. నేను ఇక్కడే ఉంటానని రోనాల్డ్ తిరుగు చీటీ పంపాడు. రిచర్డ్ ఎనిమిదేళ్లు బతికాడు, పాత జబ్బే కొత్త కిడ్నీకీ సోకి 1963లో మరణించాడు. రోనాల్డ్ 2010లో, 79వ ఏట కన్నుమూశాడు. ఈ కథలో నాకు ముఖ్యంగా కనిపించేది ఆ చీటీలే: కావలసినవాడు వద్దన్నాడు, ఇచ్చేవాడు ఆ మాట విని, ఆలోచించి, జవాబిచ్చాడు. మీరు "అయినా నేను నిర్ణయించుకున్నాను" అని రాశారు. మీ మిత్రుడు ఎందుకు వద్దంటున్నాడో అడిగారా? అతని చేతి మీద డయాలసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపి చేసిన ఫిస్టులా ఉంటే దాని మీద వేలు ఆనించి చూడండి, చర్మం కింద తేనెటీగ రొద చేస్తున్నట్టు ఉంటుంది. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు ఆ చేతికి సూదులు గుచ్చించుకుంటూ కూడా అతను వద్దంటున్నాడంటే, మీకేమైనా అయితే తట్టుకోలేనన్నది ఆ వద్దులో ఉండవచ్చు. ఒక పూట డయాలసిస్ కుర్చీ పక్కన కూర్చుని ఆ మాట అతని చేత చెప్పించండి.

మీ శ్రీమతిని ఒప్పించే ఉపాయం నేను చెప్పను. ఆమె అన్న మాటలో ఉన్నది మొండితనం కాదు, లెక్క: ఇరవై నాలుగేళ్లు ఏ క్షణాన ఏ కబురు వస్తుందోనని గడిపిన మనిషి, ఆ భయం తీరిందనుకున్నాక మళ్లీ ఒక ఆపరేషన్ థియేటర్ బయట కూర్చోమంటే అనే మాట అది. ఆనాడు ఆమెను ఎవరూ అడగలేదు, ఉత్తర్వు వచ్చింది, మీరు వెళ్లారు. ఇప్పుడు ఏ ఉత్తర్వూ లేదు గనుక అడగవలసింది మీరే. నిర్ణయం తీసుకున్నాక వినిపించడం మానేసి, నిర్ణయం ఇంకా కాలేదని ఆమెతో చెప్పండి. చెప్పడమే కాదు, నిజంగానే అలా ఉంచండి. వైద్యుల దగ్గరికి ఆమెను వెంట తీసుకెళ్లి, పైన నేను రాసిన అంకెలన్నీ ఆమె సొంతంగా అడిగి వినేలా చూడండి. ఆరు వారాలు మిమ్మల్ని చూసుకోవలసింది ఆమె, రాత్రిళ్లు మీరు లేచి కూర్చోవడం ఎరిగినది కూడా ఆమే. అన్నీ విన్న తరువాత కూడా ఆమె వద్దంటే ఏం చేయాలని అడుగుతారేమో. చట్టం సంగతి ఎలా ఉన్నా, ఆమె మనసు విరిచి ఈ దానం చేయవద్దని నా సలహా. మిత్రుడికి మరో దారి దొరకవచ్చు, మరణించిన దాతల కిడ్నీ కోసం అతని పేరు జాబితాలో ఉండాలి, ఉందో లేదో కూడా కనుక్కోండి.

కాగితాల పని గురించి క్లుప్తంగా. బంధువు కానివాళ్లు దానం చేయాలంటే డబ్బు ప్రమేయం లేదని నిర్ధారించే కమిటీ ముందుకు వెళ్లవలసిన నియమం చాలా చోట్ల ఉంది. ఒకే యూనిట్‌లో పనిచేసిన రుజువులు, పాత ఫొటోలు ఉపయోగపడతాయి. మీ పింఛనుపైనా, వైకల్య భత్యం ఏదైనా ఉంటే దానిపైనా, ఆరోగ్య బీమాపైనా దానం ప్రభావం ఏమిటో సంబంధిత కార్యాలయాల నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి. నోటి మాటతో సరిపెట్టుకోకండి.

పరీక్షలన్నీ తేలడానికి వారాలు కాదు, నెలలు పట్టవచ్చు. మీ విషయంలో మోకాళ్లకూ నిద్రకూ ఇచ్చుకోవలసిన వ్యవధి కలిపితే మరికొంత ఎక్కువే. అంతవరకు మిత్రుడికి తేదీ చెప్పకండి, అతని పిల్లలకు మాట ఇవ్వకండి. "పరీక్షలకు వెళుతున్నాను, ఏమంటారో చూద్దాం" అన్నది ప్రస్తుతానికి మీరు అతనితో చెప్పగల నిజం. ఈ ఉత్తరంలో నాకు రాసిన పీడకలల వాక్యాన్నే వేరే కాగితం మీదికి ఎక్కించి, మొదటి అపాయింట్‌మెంటుకు జేబులో పెట్టుకుని వెళ్లండి. నోటితో చెప్పలేకపోతే ఆ కాగితం అందించండి.